పప్పు ఉడకని నీళ్లలో పరకలు

మొయినాబాద్ వైపు కొత్తగా ఇల్లు కట్టుకుని వచ్చినవాళ్లు మొదటి నెలలోనే రెండు సంగతులు కనిపెడతారు. బోరు నీళ్లతో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. స్నానాల గదిలోని నల్ల బకెట్ అంచుకు తెల్లటి పొర కడుతుంది, గోరుతో గీకినా రాదు. మూడో సంగతి తెలియాలంటే ఇంట్లో అక్వేరియం పెట్టాలి. నేను పెట్టాను.

రెండడుగుల గాజుతొట్టి. అడుగున మట్టి, దాని మీద ఇసుక, నిండా మొక్కలు. నెలరోజులు ఓపిక పట్టి, మొక్కలు నిలదొక్కుకున్నాక పన్నెండు నియాన్ టెట్రాలు తెచ్చాను. ఒంటిమీద నీలిగీత, దాని కింద ఎర్రగీత. పచ్చటి ఆకుల ముందు అవి గుంపుగా మళ్లుతుంటే ఇంటికొచ్చినవాళ్లు టీవీ చూడటం మానేశారు. పదో రోజుకు నాలుగు మిగిలాయి. అంగడివాడు నాసిరకం చేపలు అంటగట్టాడని తిట్టుకున్నాను. పాపం, అతని తప్పేమీ లేదు. పప్పు ఉడకనప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది.

పప్పుబద్దలోని కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే జిగురు పేరు పెక్టిన్. ఉడికేటప్పుడు అది కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. నీళ్లలో కాల్షియం ఎక్కువైతే అది పెక్టిన్‌ను పట్టుకుని బిగిస్తుంది. చిటికెడు వంటసోడా వేయమని పెద్దవాళ్లు చెప్పేది ఈ బిగువు సడలించడానికే. బకెట్ మీది తెల్లపొర కూడా ఆ కాల్షియమే, కార్బొనేట్ రూపంలో. అంటే వంటిల్లే ఒక పరీక్షశాల. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజర్ కాయిల్‌కు సున్నం పడుతుంది. ఇవి మూడూ చూసినవాడికి తన నీళ్లు గట్టినీళ్లని తెలుసుకోవడానికి పరీక్ష కిట్ కొననక్కర్లేదు. ఎంత గట్టివో లెక్క తెలియాలంటే మాత్రం చుక్కలు వేసి చూసే చిన్న కిట్ తెచ్చుకోవాలి.

నియాన్ టెట్రా సొంతూరు అమెజాన్ ఎగువ ప్రాంతం. అక్కడి అడవి వాగుల్లో రాలిన ఆకులు నాని నీళ్లు టీ డికాషన్ రంగుకు తిరుగుతాయి. వాటిలో ఖనిజ లవణాలు దాదాపు ఉండవు. పుల్లటి నీళ్లు, వాననీటికి దగ్గరి చుట్టాలు. మంచినీటి చేప శరీరంలో ఉప్పు శాతం చుట్టూ ఉన్న నీటికన్నా ఎక్కువ. నీళ్లలో వేసిన ఎండుద్రాక్ష ఉబ్బినట్టే చేప ఒంట్లోకీ మొప్పల గుండా నీళ్లు ఎప్పుడూ చొరబడుతుంటాయి. అది నోరు ఆడించేది నీళ్లు తాగడానికి కాదు, మొప్పల మీదుగా నీటిని పారించడానికి. లోపలికి వచ్చిన నీటిని మూత్రపిండాలు రాత్రింబవళ్లు బయటకు తోడిపోస్తాయి. జారిపోయే లవణాలను మొప్పలు మళ్లీ పట్టి లోపలికి లాక్కుంటాయి. ఈ తోడడం, లాగడం ఏ నీటికి అలవాటుపడిందో ఆ లెక్కలోనే నడుస్తుంది. ఇప్పుడు అంగళ్లలో దొరికే నియాన్లు చాలావరకు పెంపకం చేపలే, అడవి చేపలకన్నా వాటికి ఓర్పు ఎక్కువ. అయినా అంగడి తొట్టిలోని మెత్తని నీళ్ల నుంచి నా బోరు నీళ్లలోకి అరగంటలో దించేస్తే ఆ లెక్క ఒక్కసారిగా తలకిందులవుతుంది. పది రోజులు బతకడమే వాటి గొప్ప.

కాబట్టి మొక్కల తొట్టిలోకి చేపను ఎంచుకోవడం అంగట్లో మొదలుకాదు, బోరు దగ్గర మొదలవుతుంది.

ఇక్కడి భూమి దక్కన్ రాతి భూమి. వందల అడుగుల లోతున రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు ఆ రాతిలోని ఖనిజాలను కరిగించుకుని పైకొస్తుంది. పైన పారే నీటి సంగతి వేరు. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ వచ్చి గండిపేటలో, అంటే ఉస్మాన్‌సాగర్‌లో చేరుతుంది. ఈసీ వచ్చి హిమాయత్‌సాగర్‌లో చేరుతుంది. ఈ రెండింటి నడుమ మొయినాబాద్. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాకే ఈ జలాశయాల ఆలోచన పుట్టింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. అంటే చేవెళ్ల, మొయినాబాద్ జనానికి రెండు నీళ్లున్నాయి. వానకాలంలో వాగుల్లో పారే మెత్తని నీళ్లు, ఏడాది పొడుగునా బోరు పోసే గట్టినీళ్లు.

ఇక్కడి కుంటల్లోని చేపలకు ఈ రెండూ తెలుసు. నా వాదన అంతా ఈ ఒక్క మాట మీదే నిలబడుతుంది, అందుకే కాస్త ఆగి చెబుతాను. మే నెలలో కుంట ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. నీరు మోకాటి లోతుకు దిగి, ఆవిరైనకొద్దీ మిగిలిన దాంట్లో లవణాలు చిక్కబడి, మధ్యాహ్నానికి వేడెక్కి ఉంటుంది. జూన్‌లో నాలుగు వానలు పడగానే అదే కుంట చల్లటి, మెత్తటి, బురద నీళ్లతో నిండుతుంది. జూలై, ఆగస్టుల్లో మత్తడి దుంకుతుంది. ఆ కుంటలో బతికే పరక చేప ఏటా ఈ రెండు కొసలనూ చూస్తుంది, లక్షల ఏళ్లుగా చూస్తోంది. అమెజాన్ వాగు చేపకు ఆ అనుభవం లేదు. అంగట్లో మెరిసేది ఏదైనా సరే, మన నీళ్ల ఏడాదిని తట్టుకోగలదా అన్నదే నేను ముందు అడిగే ప్రశ్న.

చేపలకన్నా ముందు మొక్కలు ఈ పరీక్ష రాస్తాయి. నీటి మొక్కకు కర్బనం కావాలి. గాలిలో సులువుగా దొరికే కార్బన్ డయాక్సైడ్ నీటిలో అరకొరగానే ఉంటుంది. గట్టినీళ్లలో మాత్రం ఇంకో నిల్వ ఉంటుంది, బైకార్బొనేట్. దాన్ని విడగొట్టి కర్బనం తీసుకునే విద్య కొన్ని మొక్కలకే వచ్చు. మన చెరువుల్లో గుబురుగా పెరిగే హైడ్రిల్లా, పచ్చటి రిబ్బన్లలాంటి వాలిస్నేరియా ఆ విద్యలో ఆరితేరినవి. ఆయుర్వేదంలో బ్రాహ్మి అని పిలిచే బకోపా కూడా గట్టినీళ్లకు బెదరదు. ఇవన్నీ మన దేశంలో బురదలోనూ, పొలం గట్ల దగ్గరా పెరిగేవే. విదేశాల్లో మాత్రం వీటిలో కొన్నింటిని కుండీలలో పెట్టి ధర చీటీ అంటించి అమ్ముతారు.

బైకార్బొనేట్‌ను తినే మొక్కతో ఒక చిక్కుంది. ఎండ బాగా ఉన్నప్పుడు అది నీటి పీహెచ్‌ను పైకి నెడుతుంది. చేపల మలమూత్రాల నుంచి, మొప్పల నుంచి వచ్చే అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం, చేపకు అంత హాని చేయదు. రెండోది అసలు అమ్మోనియా, విషం. వాటి పాళ్లను నిర్ణయించేది పీహెచ్. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు. 8కి చేరితే 5 శాతం దాటుతుంది. 9కి పోతే మూడోవంతు పైన. వేడి పెరిగినకొద్దీ ఇంకా ఎక్కువ. అంటే అదే తొట్టి, అదే మురికి, మబ్బు పట్టిన రోజు ఏమీ కాదు, ఎండ కాసిన మధ్యాహ్నం చేపలు విలవిల్లాడతాయి. ఊరట ఏమిటంటే మొక్కలు నైట్రేట్‌కన్నా ముందు అమ్మోనియంనే ఇష్టంగా పీల్చుకుంటాయి. మట్టిలో, ఇసుకలో కాపురం పెట్టే బ్యాక్టీరియా మిగిలిన దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ కాపురం కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. గట్టినీళ్ల తొట్టిలో చేపల సంఖ్య తక్కువగా పెట్టమనేది అందుకే. నా రెండడుగుల తొట్టిలో మట్టి, రాళ్లు పోను పట్టే నీళ్లు 60 లీటర్ల లోపే. అందులో పది పన్నెండు చిన్న చేపలు చాలు. అంగట్లో ముప్పై పెట్టుకోవచ్చంటారు. అది అమ్మకం లెక్క.

తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే చేపల చెరువు పెట్టినవాళ్లు పరుగెత్తి ఏరేటర్లు వేస్తారు. పగలు ఆక్సిజన్ ఇచ్చిన మొక్కలూ నాచూ రాత్రంతా దాన్నే వాడుకుంటాయి, తెల్లారేసరికి నిల్వ అడుగంటుతుంది. గాజుతొట్టిలోనూ ఇదే జరుగుతుంది. పైగా వేడినీటిలో ఆక్సిజన్ పట్టదు. సముద్రమట్టం దగ్గర 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల చొప్పున ఆక్సిజన్‌ను పట్టుకుంటే, 30 డిగ్రీల నీరు ఏడున్నరే పట్టుకుంటుంది. మన ఊళ్లు దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉన్నాయి కాబట్టి అందులోంచి ఇంకో 7 శాతం దాకా తీసేయండి. ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోయిన రాత్రి మొక్కలు నిండిన తొట్టిలో ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఏ చేపలు?

1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండ్ వైద్యుడు గంగానదీ చేపల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. ఈస్టిండియా కంపెనీలో పనిచేస్తూ జాలర్లను అడిగి, వాళ్లు చెప్పిన పేర్లతోనే చేపలకు శాస్త్రీయ నామాలు పెట్టినవాడు. ఈనాడు ప్రపంచమంతటా అక్వేరియంలలో తిరిగే జీబ్రా డానియో, రోజీ బార్బ్, టిక్టో బార్బ్, గాజుచేప, మరుగుజ్జు గౌరామి, అన్నీ ఆ ఒక్క పుస్తకంలో మొదటిసారి నమోదైనవే. డానియో అన్న మాట బెంగాలీ ‘ధాని’ నుంచి వచ్చింది, వరిచేనిది అని అర్థం. వరిమడిలో ఈదే చేప లండన్ దాకా వెళ్లి, ఇంగ్లిష్ పేరుతో తిరిగొచ్చి మన అంగట్లో ఫారిన్ చేపగా అమ్ముడవుతోంది.

జీబ్రా డానియో నీలిచారల చేప, వేలంత కూడా ఉండదు. నిలకడలేని పిల్ల. తొట్టి పైభాగంలో ఈ కొస నుంచి ఆ కొసకు పరుగులు పెడుతుంది, ఆకుల జోలికి పోదు. చలికాలపు చలినీ ఎండాకాలపు ఉడుకునూ తట్టుకుంటుంది. ప్రయోగశాలల్లో ఎలుక తర్వాత ఎక్కువగా కనిపించే వెన్నెముక జీవుల్లో ఇదొకటి. ఆరుకు తగ్గితే ఒకదాన్నొకటి తరుముకుంటూనే ఉంటాయి. మూత మాత్రం మరవకండి, ఎగిరి నేలమీద పడుతుంది.

మన పరకల్లో నాకు బాగా నచ్చింది టిక్టో బార్బ్. వెండి ఒంటి మీద రెండు నల్ల చుక్కలు, మొప్ప వెనక ఒకటి, తోక దగ్గర ఒకటి. మామూలు రోజుల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. జత కట్టే కాలంలో మగదాని రెక్కలకు ఎర్రరంగు వస్తుంది, అప్పుడు నియాన్లను ఎవరూ అడగరు. దానికి దాయాది రోజీ బార్బ్ మరింత ఎర్రన. దానికింకో గుణముంది, ఆకులను పట్టుకుని వేలాడే వెంట్రుక నాచును పీక్కుని తింటుంది. లేత మొక్కలనూ కొరుకుతుందని కొందరు నిష్ఠూరమాడతారు. నిజమే. వారానికి జానెడు పెరిగే హైడ్రిల్లాను కొరికితే మాత్రం నాకు కత్తిరించే పని తప్పుతుంది. చిన్న ఆకుల ఖరీదైన మొక్కలు పెట్టినవాళ్లు దాన్ని తేవద్దు.

రాస్బోరా డానికోనియస్‌ను చెరువు గట్టున కూర్చున్నవాళ్లంతా చూసే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. పక్కన పొడుగునా నల్లగీత, దాని అంచున బంగారు జరీ. ఒద్దికైన చేప, మొక్కల మధ్య గుంపుగా ఈదుతుంది. నాలుగంగుళాలు పెరుగుతుంది కాబట్టి మూడడుగుల తొట్టి ఉంటే బాగు. గాజుచేప ఒంట్లోంచి వెన్నెముక ఎముకలు లెక్కపెట్టొచ్చు. దానికి ఉప్పునీళ్లు కావాలన్నది అపోహ, మంచినీటి చేపే. కానీ గుళికలను అంత తేలిగ్గా ముట్టదు, బతికున్న పురుగులు, దోమ లార్వాలు కావాలి. సూదితో రంగు ఎక్కించిన గాజుచేపలు ఒకప్పుడు బజార్లను ముంచెత్తాయి. మెరిసే పచ్చ, గులాబీ గీతలతో కనిపిస్తే కొనకండి. ఆ రంగు కొన్నాళ్లకు పోతుంది, సూదిపోటు గాయం చేపను బలహీనపరుస్తుంది.

గౌరామికి మొప్పలతో పాటు తలలో ఇంకో శ్వాసాంగం ఉంటుంది, నీటి పైకి వచ్చి గాలి గుటక వేస్తుంది. కొర్రమట్ట కూడా గాలి పీల్చే చేపే, అందుకే మృగశిర కార్తె నాడు నాంపల్లిలో చేప మందు కోసం కొర్రమట్ట పిల్లలను బతికుండగా ప్లాస్టిక్ సంచుల్లో తేగలుగుతారు. మే నెల రాత్రి ఆక్సిజన్ అడుగంటినా గౌరామి తట్టుకుంటుంది. మగది నీటిపైన బుడగల గూడు కడుతుంది, గూటిలోకి ఆకుముక్కలు కూడా అల్లుతుంది. తేలే మొక్కలుంటే దానికి పండగ. కొర్రమట్ట మాత్రం తొట్టిలోకి వద్దు. తెలంగాణ రాష్ట్ర చేప అయినంత మాత్రాన మిగతా చేపలను మింగకుండా ఉండదు.

విదేశీ చేపల్లో మన బోరు నీళ్లకు సరిపడేవి లేకపోలేదు. మాలీ, ప్లాటీ, గప్పీ. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగపు గట్టినీళ్లలోనూ హాయిగా బతికే వంశాలివి. పప్పు ఉడకని నీళ్లలో మాలీ మరింత దిట్టంగా ఉంటుంది, పైగా నాచు మేస్తుంది. నియాన్లే కావాలని పట్టుబట్టేవాళ్లకు ఒక దారుంది. ఊళ్లో 20 లీటర్ల డబ్బాల్లో అమ్మే ఆర్వో నీళ్లను బోరు నీళ్లతో కలిపి మెత్తబరచడం. పూర్తిగా ఆర్వో నీళ్లే పోస్తే బైకార్బొనేట్ ఆసరా లేక పీహెచ్ ఎప్పుడు కూలిపోతుందో తెలియదు. నెలనెలా డబ్బాలు మోసే ఓపిక నాకు లేదు.

మొక్కలున్న చోటికి ఎన్నటికీ తేకూడని వాటిలో ముందు వరుస గోల్డ్‌ఫిష్, కోయి. కార్పు జాతి చేపలు బురద కెలికి తిండి వెతుక్కుంటాయి, నాటిన మొక్క సాయంత్రానికి తేలుతుంది. తిలాపియా వంశపు చేపలు గూడు కోసం ఇసుక తవ్వుతాయి. అన్నింటికన్నా మోసకారి సక్కర్ చేప. తొట్టి శుభ్రం చేస్తుందని రెండంగుళాల పిల్లను అమ్ముతారు. వెడల్పాటి ఆకులను గీకి జల్లెడ చేస్తుంది, అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు దాన్ని పెంచలేక సంచిలో వేసుకుని చెరువుకు బయల్దేరతారు.

ఇక్కడ కాస్త కోపంగానే రాస్తున్నాను. ఆంధ్ర, తెలంగాణ జాలర్లు దయ్యం చేప అని పిలిచేది ఈ సక్కర్‌నే. ముళ్లతో వలలు చింపుతుంది, గట్లకు బొరియలు పెడుతుంది. తూర్పు కనుమల నీళ్లలో ఇది ఎంత పాకిందో తెలుసుకోవడానికి హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్ఏను పట్టే పరీక్ష తయారుచేయాల్సి వచ్చింది. దోమల కోసమని 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చిన గాంబూసియా ఇతర చేపల గుడ్లనూ పిల్లలనూ తింటుంది, రెక్కలు కొరుకుతుంది. గప్పీలు అంతకు ముందే, మూసీ వరద వచ్చిన 1908లోనే వచ్చాయి. దోమకూ మలేరియాకూ ముడి రొనాల్డ్ రాస్‌కు దొరికింది 1897లో మన సికింద్రాబాద్‌లోనే కాబట్టి ఆ తరం ఆత్రం అర్థం చేసుకోవచ్చు. కానీ మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో తామరల తొట్టికి దోమలు పట్టాయని ఈనాడు గాంబూసియా తెచ్చేవాళ్లకు ఆ సాకు లేదు. రాస్బోరాలూ డానియోలూ ఆ పని చేస్తాయి, పొంగి వాగులో పడినా అది వాటి సొంతిల్లే. 1996 నాటి జీవో 111 గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దు గీసింది. దాని మీద వాదనలు ఏళ్లుగా సాగుతున్నాయి. ఆ హద్దు లోపల ఏ ఇంటి గాజుతొట్టిని ఎక్కడ ఒంపుతున్నారో మాత్రం ఎవరూ అడగరు.

మన చేపలన్నాను కదా అని వల పట్టుకుని వాగుకు పోవాల్సిన పనీ లేదు. కేరళ వాగుల్లోని డెనిసన్ బార్బ్, ఎర్రగీత అందగత్తె, అక్వేరియం వ్యాపారం కోసం విపరీతంగా పట్టడం వల్ల అంతరించే ప్రమాదమున్న జాబితాకు ఎక్కింది. టిక్టో, రోజీ బార్బ్‌లు, డానియోలు, గౌరామిలు పెంపకంలోనే దొరుకుతాయి. తెచ్చాక రెండు వారాలు విడిగా బకెట్‌లో ఉంచి, తెల్లచుక్కల జబ్బు లేదని తేలాకే తొట్టిలో వదలాలి. దించేటప్పుడు సంచిలోకి తొట్టి నీళ్లు గ్లాసు గ్లాసుగా గంటన్నర పాటు కలపండి. ఇంతకుముందు చెప్పిన మొప్పల లెక్క సర్దుకోవడానికి వ్యవధి ఇవ్వడమన్నమాట.

నియాన్లు పోయాక నా తొట్టిలోకి ఎనిమిది టిక్టో బార్బ్‌లు వచ్చాయి. ఆ వేసవంతా అవి బోరు నీళ్లలోనే గడిపాయి. మృగశిర కార్తె వచ్చిన వారానికి మొదటి గట్టి వాన పడింది. డాబా మీద ఒక జల్లు కడిగిపోయాక బకెట్లు పెట్టి రెండు బకెట్ల వాననీళ్లు పట్టాను. తొట్టిలోంచి మూడోవంతు నీళ్లు తీసి వీటిని మెల్లగా పోశాను. నీరు చల్లబడింది, మెత్తబడింది. చేపలు మూలమూలకూ తిరగడం మొదలుపెట్టాయి. రెండు మగచేపల రెక్కలు సాయంత్రానికే ఎర్రబడ్డాయి. మర్నాడు పొద్దున టార్చి వేసి చూస్తే హైడ్రిల్లా ఆకులకు ఆవగింజకన్నా చిన్న గుడ్లు, గాజుపూసల్లా అంటుకుని ఉన్నాయి. వాటిని పెట్టిన తల్లిదండ్రులు వాటినే ఏరుకుని తింటున్నాయి. గుడ్లున్న నాలుగు రెమ్మలు తుంచి అంచు తెల్లబడ్డ ఆ నల్ల బకెట్‌లోనే వేశాను. ఏడు పిల్లలు బతికాయి.